రిజిస్టర్ల మూడు సంతకాలు

2023 ఎండకాలం. శామీర్‌పేట మండలంల ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల పబ్లిక్ హెల్త్ నర్సుగ చేరి నాకు అయిదు నెలలు. అంతకుముందు పన్నెండేండ్లు సికింద్రాబాద్ దిక్కు ఒక పెద్ద ప్రైవేటు దవాఖానల ఐసీయూ నర్సును. ఊరి పేరు రాయను, దవాఖానల పేర్లు అసలే రాయను. లాల్‌గడి మలక్‌పేట్ దాటి ఇంకా లోపలికి పోతె వచ్చే ఊరు అనుకోండ్రి, సాలు. ఎవలి పరువో తీద్దామని రాస్తలేను. గా కేసు మీద నా కోపం ఇప్పటికీ సల్లారలే, గందుకు రాస్తున్న. ఆ కోపంల సగం నా మీదనే అని ముందుగాలనే చెప్తున్న.

ఐసీయూల ఉన్నన్నేండ్లు నా నోట్లె ఒక్కటే మాట: “ఇంత లేటుగ ఎందుకు తెచ్చిన్రు?” ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్న గర్భిణిని తెస్తరు, షుగరుతోటి కాలు నల్లగైన పెద్దమనిషిని తెస్తరు, అందర్నీ అదే అడుగుతుంటి. అడిగెటప్పుడు నా గొంతుల జాలి ఉండేది గాదు, గుస్సా ఉండేది. ఒకసారి ఒక ముసలాయన, ఆయన భార్యను వెంటిలేటర్ మీద పెట్టినంక, నన్నే తిరిగి అడిగిండు: “లేటైతాందని మాకు ఎవలు జెప్పిన్రు బిడ్డా?” ఆ మాట నన్ను ఇడిసిపెట్టలే. సర్కారు నోటిఫికేషన్ పడంగనే అప్లై చేసిన, కొలువొచ్చింది.

మేముండేది యాప్రాల్‌ల. ఇంట్ల అందరు నవ్విన్రు. మా ఆడిబిడ్డ అయితే, “ఏసీల కూసునే కొలువు ఇడిసి ఎండల తిరిగే కొలువుకు పోతున్నవా వదినా, పిచ్చా నీకు?” అన్నది. ఏసీల కూసునుడు అన్న మాటకే నాకు మంట లేసింది. ఐసీయూల నర్సు కూసుంటదా? పన్నెండు గంటల డ్యూటీల పది గంటలు నిలవడి, ఇంటికొచ్చి కాళ్ళు గోడకు ఎత్తిపెట్టుకుంటె గాని నిద్ర రాకపోయేది. అయినా దానికి చెప్పి ఏం ఫాయిదా అని ఊకున్న.

పబ్లిక్ హెల్త్ నర్సు అంటె ఏం జేస్తదని మస్తు మంది అడుగుతరు. మా కేంద్రం కింద ఉన్న ఊర్లల్ల గర్భిణులెవలు, చంటిపిల్లల తల్లులెవలు, టీబీ మందులు మింగేటోళ్ళెవలు, బీపీ, షుగరు ఉన్నోళ్ళెవలు, అందర్నీ లెక్కల పెట్టుకొని, ముప్పు రాకముందే పట్టుకునుడు మా పని. మా చేతి కింద ఏఎన్ఎంలు, ఆశ వర్కర్లు ఉంటరు. దవాఖానల పేషెంటు మన దగ్గరికొస్తది. ఇక్కడ మనం పేషెంటు గడప ముంగట నిలవడాలె. ఈ ఫరకు నేను తెలుసుకున్న అనుకున్న. తెలుసుకోలే.

ఐసీయూ నుంచి నేను చేతిచురుకు తెచ్చుకున్న, దాని ఎంబడి ఒక రోగం గూడ తెచ్చుకున్న. ఆ రోగం పేరు రాసుడు. ఏది చేసినా రాయాలె, రాయకపోతె చెయ్యనట్టే అని మాకు ట్రైనింగుల నూరిపోసిన్రు. అండ్ల అన్నిటికన్న పెద్దది లామా కాగితం. డాక్టరు వద్దన్నా వినకుండ మా ఇష్టంతోటి తీస్కపోతున్నం, ఏమైనా మాదే పూచీ అని పేషెంటు తరఫోళ్ళు రాసిచ్చే కాగితాన్ని దవాఖానల లామా అంటరు. గా సంతకం పడ్డదంటె నర్సు నెత్తి మీద బరువు దిగినట్టే. ఇంకో సంగతి గూడ చెప్పాలె. ఐసీయూల పేషెంటుకు సోయి ఉండదు. నోట్ల పైపు, కండ్లు మూతలు. అందుకని ఏ సంతకమైనా, ఏ సంగతైనా అటెండెంట్లనే అడుగుతం. పన్నెండేండ్లు అట్లనే అడిగిన నేను.

గా మంగళారం పొద్దుగాల పదింటికి యాదమ్మ ఫోన్ జేసింది. యాదమ్మ ఆ ఊరి ఆశ వర్కరు, నాకన్న పదేండ్లు పెద్దది. ఏ ఇంట్ల ఎవలికి ఎన్నో నెలనో, ఎవలు గోలీలు మింగుతున్నరో, ఎవలు మింగినట్టు జేసి పెరట్ల పడేస్తున్నరో అంతా దానికి తెలుసు.

“మేడమ్, పటేల్ ఇంట్ల చిన్నకోడలు మొగని చెప్పులేసుకొని తిరుగుతాంది. జర వచ్చి సూడు,” అన్నది.

“మొగని చెప్పులేసుకుంటె నాకేంది యాదమ్మా?”

“దాని చెప్పులు దానికి పడ్తలేవు మేడమ్. కాళ్ళు గంతగనం ఉబ్బినయి.”

పన్నెండేండ్లు మానిటర్లు చూసిన నాకు చెప్పులు చూసి రోగం పట్టుడు రాదు. స్కూటీ తీసిన.

పటేల్ అంటె ఆ ఊరికి ఒకప్పుడు సర్పంచ్ జేసిన మనిషి. భూములు ప్లాట్లయినయి, ప్లాట్లు మూడంతస్తుల బిల్డింగ్ అయినయి. చిన్నకొడుకు నరేందర్ తండ్రి ఎంబడే వెంచర్ల పనులు చూసుకుంటడు. నరేందర్ భార్యనే మౌనిక. ఇరవై రెండేండ్లు, డిగ్రీ అయింది, తల్లిగారిది గండిమైసమ్మ దిక్కు. మొదటి కాన్పు, తొమ్మిదో నెల పడి వారం. నెలనెలా చూపించుకునేది మేడ్చల్ దిక్కు ఒక ప్రైవేటు దవాఖానల. మా రిజిస్టర్ల పేరొక్కటే ఉన్నది.

నేను, యాదమ్మ పోయినప్పుడు మౌనిక సోఫా అంచు మీద కూసొని ఉన్నది. మొకం నిండ ఉబ్బు. చేతికి గాజులు బిగుసుకుపోయి చర్మం మీద అచ్చులు పడ్డయి. “చెయ్యి సాపు,” అన్న. చాపింది. బీపీ పైది నూట అరవై, కిందిది నూట పది. అయిదు నిముషాలు ఆగి ఇంకోసారి చూసిన, అదే. మూత్రంల పట్టీ ముంచి చూస్తె ప్రొటీను దండిగ పోతుంది. నేను మౌనిక అత్త అనసూయమ్మ దిక్కు తిరిగి, “ఈమెకు తలనొప్పి ఉన్నదా అమ్మా?” అని అడిగిన.

“గీ ఎండలకు తలనొయ్యనిది ఎవలికి?” అన్నది అనసూయమ్మ.

గర్భిణికి బీపీ ఇట్ల ఎక్కి, మూత్రంల ప్రొటీను పోతె, ఏ గడియల ఫిట్స్ వస్తయో చెప్పలేం. ఇద్దరి పానాలకు ముప్పు. దానికి మందు ఒక్కటే, జల్దీ కాన్పు జేసుడు. ఇదంతా ఇంటోళ్ళకు విడమర్చి చెప్పిన. మా కేంద్రం డాక్టర్ మేడంకు ఫోన్ జేసి, ఆమె చెప్పిన బీపీ గోలీ అక్కడనే మింగిచ్చిన. “ఇప్పుడే 108 పిలుస్త, పెద్దదవాఖానకు తీస్కపోదాం,” అన్న.

అనసూయమ్మ నా మాట మొత్తం విన్నది. విని, నిమ్మళంగ అన్నది: “నువ్వు జెప్పేది బాగనే ఉన్నది సిస్టరమ్మా. గని ఇయ్యాల మంగళారం, కోడల్ని గడప దాటియ్యం. రేపు అమాస. ఎల్లుండి పాడ్యమి. శుక్రారం విదియ, పొద్దుగాల తొమ్మిది నలభైకి అయ్యగారు ముహూర్తం పెట్టిండు. దవాఖానల ఆపరేషన్‌కు గూడ మాట్లాడుకున్నం. మూడు దినాలే గద.”

మా దిక్కు ఇది కొత్తగ వచ్చిన ఆచారం. ఎనుకట పెండ్లికి పెట్టేది, కొత్తింట్ల పాలు పొంగిచ్చేటందుకు పెట్టేది ముహూర్తం. ఇప్పుడు కడుపు కోసేటందుకు గూడ పెడ్తున్నరు. నక్షత్రం జూసి, నిముషం జూసి, డాక్టరును ఆ నిముషానికి కత్తి పట్టమంటరు. డాక్టర్లు గూడ సరే అంటున్నరు. ఎవల మీద ఎక్కువ కోపం రావాల్నో నాకిప్పటికీ తెల్వదు.

“అమాస నాడు పుడితె ఏమైతదమ్మా?” అని అడిగిన.

అనసూయమ్మ కండ్లు నిండినయి. మూలకు చేయి చూపించింది. అక్కడ అయిదేండ్ల పిల్ల కింద కూసొని బొమ్మలకు రంగులేసుకుంటుంది. “గది నా పెద్దకొడుకు బిడ్డ. అమాస నాడు పుట్టింది. నెల తిరగలే, తండ్రిని మింగింది. రింగురోడ్డు మీద నా కొడుకు…” అని ఆగిపోయింది. ఆ పిల్ల తలెత్తి నాయనమ్మను చూసి మళ్ళ రంగులేసుకుంది. ఆ మాట అది ఎన్నిసార్లు విన్నదో ఏమో. కొడుకును పోగొట్టుకున్న తల్లి భయం నాకు అర్థమైంది. పసిదాని ముంగట గా మాట అన్నందుకు నెత్తురు గూడ మరిగింది.

అప్పుడొచ్చిండు పటేల్, ఎంబడి నరేందర్. నేను మళ్ళ మొత్తం చెప్పిన. పటేల్ నిలవడే విన్నడు. “ఏందమ్మా, బెదిరిస్తున్నవా? సర్కారోళ్ళకు కేసులు గావాలె, టార్గెట్లు గావాలె. మా కోడల్ని మేం జూసుకోమా? మా డాక్టరు మంచిగున్నదన్నడు.”

“ఎప్పుడన్నడు సార్?”

“పదిహేను దినాలాయె.”

“పదిహేను దినాల కింది బీపీ ఇయ్యాల పనికొస్తదా సార్? నిన్నటి అన్నం ఇయ్యాల ఆకలికి సాలుతదా?”

యాదమ్మ నా చెయ్యి గుంజింది. నాకు నోరు ఆగదు, అది నా గుణం. వాళ్ళ దవాఖానకే ఫోన్ కలిపిన. రిసెప్షన్ పిల్ల ఎత్తింది. “శుక్రవారం స్లాట్ బుక్ అయింది మేడమ్, డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్ల ఉన్నరు,” అన్నది. బీపీ నూట అరవై ఉన్నదని అంటె, “శుక్రవారం వచ్చినప్పుడు చూస్తరు మేడమ్,” అని పెట్టేసింది.

ఇగ నా ఐసీయూ బుద్ధి లేసింది. బ్యాగుల నుంచి రిజిస్టర్ తీసిన. బీపీ ఎంతున్నది, ఏం చెప్పిన, ఏ ముప్పు ఉన్నది, ఎందుకు వద్దన్నరు అన్నీ వరుసగ రాసిన. కింద, “వివరించి చెప్పినా ఆసుపత్రికి రావడానికి నిరాకరించారు” అని ముత్యాలసొంటి అక్షరాలతోటి రాసిన. “సంతకం పెట్టుండ్రి,” అన్న. నరేందర్ తన తండ్రి మొకం దిక్కు చూసిండు. పటేల్ తలూపిండు. నరేందర్ పెట్టిండు. అనసూయమ్మ పెన్ను గట్టిగ పట్టుకొని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట పెట్టింది. ఆఖరికి నేను పెట్టి, టైము ఏసిన. పన్నెండు పది.

నా నెత్తి మీద బరువు దిగింది. నిజం చెప్తున్న, దిగింది. ఐసీయూల లామా కాగితం ఫైల్ల పెట్టినప్పుడు ఎట్లుండేదో అట్లనే. మౌనిక సోఫా అంచు మీద అట్లనే కూసొని ఉన్నది. లేసి వస్తుంటె నా దిక్కు చూసింది. నేను బ్యాగు జిప్పు పెట్టుకుంటున్న.

తొవ్వల స్కూటీ ఎనుక కూసున్న యాదమ్మ అన్నది, “పిల్లను అడగకపోతివి మేడమ్.”

“ఏమడగాలె?”

“వస్తవా అని.”

“ఇంటోళ్ళంతా వద్దన్నంక దాన్ని అడిగి ఏం ఫాయిదా? అది మామను కాదని వస్తదా? నాకు నేర్పకు యాదమ్మా.”

యాదమ్మ ఊరి కమాన్ దగ్గర దిగి పోయింది.

బుధారం టీకాల దినం. పొద్దుగాల నుంచి పిల్లల ఏడుపుల నడుమ ఉన్న. పదకొండింటికి మళ్ళ యాదమ్మ ఫోన్.

“మేడమ్, మౌనికకు కండ్ల ముంగట మెరుపులు మెరుస్తున్నయంట. రెండుసార్లు కక్కింది. పనిమనిషి వచ్చి సెప్పింది.”

ఆ రెండు మాటలు వింటె చాలు, ఇగ ఫిట్స్ ఎంతో దూరం లేవని ఏ ఐసీయూ నర్సుకైనా తెలుస్తది. టీకాలు ఏఎన్ఎంకు అప్పజెప్పి డాక్టర్ మేడం దగ్గరికి ఉరికిన. మేడం గుంటూరు దిక్కామె, మంచిదే, పేషెంట్ల మీద కసురుకోదు. అయినా కేసుల భయం. “నిన్న సంతకం తీసుకున్నారుగా స్వరూప గారూ? వాళ్ళు పెద్దవాళ్ళండీ. మళ్ళీ వెళ్తే గొడవ చేస్తారేమో,” అన్నది.

“చెయ్యనీ మేడమ్. ఇంజక్షన్ ఇయ్యండ్రి.”

ఆమె అల్మారా తాళం తీసి మెగ్నీషియం ఇంజక్షన్ ఇచ్చింది. ఫిట్స్ ఆపే మందు అది. “నేను 108కి చెప్తాను, మీరు వెళ్ళండి,” అన్నది.

పటేల్ ఇంటి గేటు ముంగట అప్పుడే గుమ్మడికాయ కొట్టిన్రు. కుంకుమ నీళ్ళు ఇంకా ఆరలే. అమాస గదా, తండ్రీకొడుకులు వెంచర్ ఆఫీసుల గూడ గుమ్మడికాయ కొట్టేటందుకు పోయిన్రు. అనసూయమ్మ గడపల నిలవడ్డది. “ఇయ్యాల ఒద్దని నిన్ననే సెప్పిన గద సిస్టరమ్మా.”

“తీస్కపోనమ్మా. బీపీ చూసి పోత,” అని అబద్ధం ఆడిన. యాదమ్మ నా ఎనుకనే సొచ్చింది.

రూముల పరదాలు ఏసి ఉన్నయి. మౌనిక ఎడమచేతి మీద తల పెట్టుకొని పండుకున్నది. నేను పక్కన కింద కూసున్న. “సిస్టర్, నువ్వు ఇద్దరు లెక్క కనవడుతున్నవ్,” అన్నది. బీపీ నూట ఎనభై. నేను ఆమె పేరు పెట్టి పిలిచింది అప్పుడే, మొదటిసారి. “మౌనికా, దవాఖానకు పోదామా?”

“పోదాం సిస్టర్. జల్దీ పోదాం.”

అత్త దిక్కు చూడలే. మొగనికి ఫోన్ జేస్తనన్లే. ఒక్క సెకను గూడ ఆలోచన జెయ్యలే. చెయ్యి సాపి నా మోచెయ్యి పట్టుకున్నది.

గడప దాకనన్న రాలే. లేపి కూసోబెట్టంగనే మొకం ఒకపక్కకు గుంజింది, కండ్లు తేలేసింది, ఒళ్ళంతా కొట్టుకునుడు మొదలైంది. పక్కకు తిప్పి పండబెట్టినం. అనసూయమ్మ ఒక్క అరుపు అరిచి, ఉరికొచ్చి కోడలి కాళ్ళు పట్టుకున్నది. “ఏమైతాందమ్మా, ఏమైతాంది నా బిడ్డకు,” అనుకుంట. మంగళారం దినం నేను చెప్పింది ఇదేనమ్మా అని నా నోటిదాక వచ్చింది. మింగిన. మెగ్నీషియం రెండు పక్కల లోతుగ ఇచ్చిన. ఫిట్స్ ఆగినంక పొట్ట మీద చెయ్యేస్తె రాయి లెక్క గట్టిగున్నది. కింద నెత్తురు కనవడ్డది. బిడ్డ గుండెచప్పుడు కోసం మస్తుసేపు వెతికిన. దొరకలే.

108 ఇరవై నిముషాలకొచ్చింది. పట్నంల పెద్దదవాఖానల ఆపరేషన్ జేసిన్రు. మాయ గర్భసంచి నుంచి ముందుగాలనే ఊడిపోయింది. ఆడపిల్ల. రెండున్నర కిలోలు, ఎత్తుకుంటె చేతుల నిండింది. ఏ లోపం లేదు, ఊపిరి ఒక్కటే లేదు. అమాస నాడు పుట్టొద్దని ఆపిన పిల్ల అమాస నాడే బయటికొచ్చింది. పటేల్ కారిడార్‌ల గోడకు ఆనుకొని నిలవడ్డడు. నన్ను చూసి తల తిప్పుకున్నడు. నరేందర్ నా దగ్గరికొచ్చి, “సిస్టర్, మౌనిక బతుకుతదా?” అని అడిగిండు. “నిన్న అడుగుతె చెప్తుంటి,” అన్న. అట్ల అనాల్సింది గాదు, గని అన్న.

మౌనిక నాలుగు దినాలు ఐసీయూల ఉన్నది. నేను శుక్రారం పోయిన. అద్దంల నుంచి చూస్తుంటె అక్కడి డ్యూటీ నర్సు, నా ఈడుదే, అనసూయమ్మను అడుగుతుంది: “ఇంత లేటుగ ఎందుకు తెచ్చిన్రమ్మా?” గొంతుల అదే గుస్సా. గోడ మీద గడియారం చూసిన. తొమ్మిది యాభై. ముహూర్తం పది నిముషాల కిందనే దాటింది. నేను మెట్ల మీద కూసొని ఏడ్చిన.

నెల తిరిగినంక మీటింగ్ పెట్టిన్రు. కడుపుల పోయిన, పుట్టంగనే పోయిన ప్రతి బిడ్డ మీద అట్ల విచారణ జరుగుతది, ఎక్కడ తప్పైందో చూస్తరు. జిల్లా నుంచి ఒక పెద్దసారు వచ్చిండు. డాక్టర్ మేడం నా రిజిస్టర్ తీసి ముంగట పెట్టింది. సారు చదివిండు. మంగళారం పేజీ మీద వేలు పెట్టి, “ఎక్సలెంట్ డాక్యుమెంటేషన్. బీపీ ఉంది, రిస్క్ వివరించారు, సంతకాలున్నాయి, టైము కూడా ఉంది. మన వైపు నుంచి తప్పేం లేదు. మిగతా వాళ్ళకి ఇది చూపించండి,” అన్నడు.

పక్కనున్నోళ్ళు నన్ను మెచ్చుకుంటున్నట్టు తలూపిన్రు. నా ఒళ్ళు మండింది.

“సార్, అండ్ల ఉన్న సంతకాలు పేషెంటువి గావు,” అన్న.

“కుటుంబ సభ్యులవి కదమ్మా, సరిపోతుంది.”

“ఆమెకు ఇరవై రెండేండ్లు సార్. సోయిల ఉన్నది. నా ముంగటనే కూసున్నది. నేను ఆమెను అడగలే. చెయ్యి సాపు అని తప్ప ఒక్క మాట మాట్లాడలే ఆమెతోటి. తలనొప్పి ఉన్నదా అని గూడ అత్తనే అడిగిన. తప్పేం లేదంటరేంది సార్? బిడ్డ సచ్చిపోయింది.”

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. “మీరు కొంచెం ఎమోషనల్ అవుతున్నారు. టీ తీసుకోండమ్మా,” అన్నడు. తర్వాతి కేసు పిలిచిన్రు. నేను చెప్పింది మినిట్స్‌ల ఎక్కలే. పేజీ ఫోటో మాత్రం మా నర్సుల గ్రూపుల పెట్టిన్రు, ఇట్ల రాయాలె అని. గా పేజీ నన్ను కాపాడింది. నన్ను కాపాడుకునేటందుకా నేను ఐసీయూ ఇడిసొచ్చింది?

రెండు నెలలకు గండిమైసమ్మ దిక్కు వాళ్ళ తల్లిగారింటికి పోయిన, మౌనిక బీపీ చూసేటందుకు. అది మా కేంద్రం కిందికి రాదు. సెలవు పెట్టి పోయిన. యాదమ్మ గూడ వచ్చింది. మౌనిక సన్నబడ్డది. చెప్పులు ఆమెవి ఆమెనే ఏసుకొని ఎదురొచ్చింది. బీపీ మామూలుకొచ్చింది. తల్లి చాయ పెట్టేటందుకు లోపలికి పోయింది. అప్పుడు నేను అన్న, “మౌనికా, గా మంగళారం నిన్ను అడగలే నేను. తప్పు నాది.”

ఆమె చేతి గాజులు మీదికి జరుపుకున్నది. “నువ్వు అడుగుతవని చూసిన సిస్టర్. మా అత్త మాట్లాడుతున్నంతసేపు నీ మొకమే చూస్తున్న. తెల్లారగట్ల నుంచే తల పగిలిపోతుండె. ఇంట్ల ఎవలికి చెప్పినా ఎండ అన్నరు. నర్సమ్మ వచ్చింది, నన్ను అడుగుతది, అడుగంగనే వస్త అని చెప్దామని నోట్లెనే పెట్టుకున్న. నువ్వు బుక్కు తీసినవ్.”

“నువ్వన్న అనకపోతివి బిడ్డా,” అన్నది యాదమ్మ, కండ్లు తుడుచుకుంట.

“మా మామ ముంగట నాయంత నేను ఎట్లంట అవ్వా? అడిగితె జవాబు చెప్పచ్చు. అడగకుంట ఎట్ల మాట్లాడాలె?”

చాయ వచ్చింది. తాగలేకపోయిన.

ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ముందు గర్భిణి పక్కన కింద కూసుంట. మిగిలినోళ్ళను అవతలికి పొమ్మంట. “నీకెట్లున్నది? నువ్వేమంటవ్?” అని అడిగినంకనే బీపీ పట్టీ చుడ్త. “మా కోడలితోటి చాటుమాటేంది” అని మొకం మీద తిట్టినోళ్ళున్నరు. ఒకామె నా బ్యాగు గేటు అవతలికి ఇసిరేసింది. ఇసరనీ. పోయినేడు అట్లనే ఒక కోడలు, “వస్త సిస్టర్” అని లేసి, ఇంటోళ్ళు చూస్తుండంగ నా స్కూటీ ఎక్కింది. ఆ బిడ్డ ఇప్పుడు నడుస్తుంది. అంతమాత్రాన నా కోపం తగ్గిందనుకోకుండ్రి. ముహూర్తం పెట్టిన అయ్యగారు ఇంకా పెడుతున్నడు. గా దవాఖాన ఇంకా స్లాట్లు ఇస్తుంది.

పన్నెండేండ్లు అడిగిన కదా, ఇంత లేటుగ ఎందుకు తెచ్చిన్రు అని. మౌనిక కేసుల ఎవలన్న నన్ను అదే అడిగితె చూపిచ్చేటందుకు రిజిస్టర్ల గా మంగళారం పేజీ ఉన్నది. లేటు జేసినోళ్ళ సంతకాలు వరుసగ మూడు. మూడోది నాది.